సాదానీ చూడండి, కానీ అప్పు చేసి కాదు

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు 39. ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.98 వేలు చేతికొస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ, స్కూలు ఫీజులు, ఇంటి ఖర్చులు అన్నీ కలిపి రూ.74 వేలు. ఏటా బోనస్ రూ.80 వేల దాకా ఉంటుంది. బ్యాంకులో రూ.2 లక్షలున్నాయి. వేసవి సెలవుల్లో భార్యాపిల్లలతో టాంజానియాలోని సాదానీ నేషనల్ పార్కు, జాంజిబార్ దీవి చూసి రావాలనుకుంటున్నాం. మే నెలకు నలుగురికీ కలిపి రూ.7.5 లక్షలకు ప్యాకేజీ దొరికింది. అడ్వాన్సుగా రూ.25 వేలు కట్టాను. యాప్‌లో రూ.6 లక్షల పర్సనల్ లోన్ మూడేళ్లకు, 14 శాతం వడ్డీకి సిద్ధంగా ఉంది. మిగతాది పొదుపులోంచి తీస్తాను. మా ఆవిడ బంగారం మీద తీసుకుందామంటోంది. ఏది మేలు? అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. వాళ్లకు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉంది.

జవాబు: రెండూ వద్దు. 'విహారయాత్రకు ఏ లోన్ తీసుకోమంటారు' అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. అందుకే మీ ఉత్తరానికి ఇక్కడ జవాబిస్తున్నాను. వడ్డీ శాతం దగ్గర అందరూ లెక్కలు వేస్తారు. చేతిలో ఉన్న కాస్త డబ్బూ ఊడ్చేసి బయల్దేరుతున్నామన్న సంగతి ఎవరికీ పట్టదు.

మీరు ఎంచుకున్న చోటు మాత్రం బాగుంది. టాంజానియాలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న నేషనల్ పార్కు సాదానీయే. ఒకపక్క ఏనుగులు, జిరాఫీలు తిరిగే గడ్డి మైదానం, ఇంకోపక్క హిందూ మహాసముద్రం. వామి నదిలో పడవెక్కితే నీటిగుర్రాలు, మొసళ్లు కనిపిస్తాయి. మదేటె తీరంలో పచ్చ తాబేళ్లు గుడ్లు పెడతాయి. కోరింగ మడ అడవులు పక్కనే ఉన్న మీ పిల్లలకు వామి నది ముఖద్వారం దగ్గరి మడచెట్లు చూస్తే మనూరే గుర్తొస్తుంది. ప్రవేశ రుసుము కూడా అక్కడి పేరున్న సెరెంగెటీ పార్కు కంటే తక్కువ. అయితే అది 24 గంటల లెక్కన పడుతుంది కాబట్టి ఒక పూట ఎక్కువ ఉన్నా ఇంకో రోజు రుసుము కట్టాలి.

మే ప్యాకేజీ ఎందుకు చవకో ఏజెంటు మీకు చెప్పాడా? మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానల కాలం. సాదానీది నల్లరేగడి నేల. వాన పడితే ఆ నేల ఎలా ఉంటుందో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జీపు దిగబడుతుంది, గడ్డి నిలువెత్తు పెరిగి జంతువులు కనపడవు. కొన్ని లాడ్జీలు ఆ రోజుల్లో మూసేస్తారు కూడా. చూడదగిన కాలం జూన్ నుంచి అక్టోబరు. అంటే మన దసరా సెలవులు దానికి సరిపోతాయి, వేసవి సెలవులు సరిపోవు. ఆరు లక్షలు అప్పు చేసి బురద చూసి వస్తారా?

ఇక అసలు సంగతి. మీకు అత్యవసర నిధి లేదు. రూ.2 లక్షలంటే మూడు నెలల ఖర్చుకు కూడా రాదు. కట్టిన అడ్వాన్సు, లోన్ పోను ఇంకా కావాల్సిన లక్షా పాతిక వేలు అందులోంచి తీస్తే మిగిలేది డెబ్బై ఐదు వేలు. ఆ డెబ్బై ఐదు వేలతో నలుగురు పరాయి దేశంలో, పెద్దవాళ్లిద్దరు ఇంట్లో. మీరు సాదానీలో ఉండగా మీ నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిందనుకోండి. వెంటనే తిరుగు టికెట్లు కొనాలి, ఇక్కడ డిపాజిట్ కట్టాలి. దేనితో కడతారు? క్రెడిట్ కార్డుతోనా? అప్పు మీద అప్పు అలాగే మొదలవుతుంది.

2019 డిసెంబరులో ఇలాగే లోన్ తీసుకుని కుటుంబంతో విదేశాలు తిరిగొచ్చిన క్లయింటు ఒకాయన నాకు తెలుసు. నాలుగు నెలలు తిరక్కుండా లాక్‌డౌన్ వచ్చింది, జీతం సగమైంది. రిజర్వు బ్యాంకు ఆగస్టు దాకా మారటోరియం (వాయిదాలు ఆపుకునే వెసులుబాటు) ఇచ్చింది, కానీ ఆ ఆరు నెలలూ వడ్డీ ఆగలేదు. ఆయనకు మూడు నెలల ఖర్చులు పక్కన ఉండుంటే భార్య గాజులు అమ్మాల్సిన పని ఉండేది కాదు. బంగారం మాట ఎత్తిన మీ ఆవిడకు ఈ సంగతి చెప్పండి.

లెక్క చూడండి. మీ లోన్‌కు ఈఎంఐ సుమారు రూ.20,500. ఖర్చులు పోగా మీకు మిగిలేది రూ.24 వేలు కాబట్టి మూడేళ్లపాటు నెలకు మూడున్నర వేలతో సర్దుకోవాలి. వడ్డీ కిందే దాదాపు రూ.1.38 లక్షలు పోతుంది. అదే రూ.20,500 మీరే పక్కన పెట్టుకోండి. మొదటి 12 నెలల్లో రూ.2.46 లక్షలవుతుంది. ఉన్న రెండు లక్షలతో కలిపితే ఆరు నెలల ఖర్చు, అంటే రూ.4.44 లక్షలు, నిండుతుంది. దాన్ని ఇక ముట్టుకోవద్దు. తర్వాతి 24 నెలల్లో రూ.4.92 లక్షలు, మూడు బోనస్‌లు కలిపితే రూ.7.3 లక్షలు దాటుతుంది. లోన్ తీర్చడానికి పట్టే ఆ మూడేళ్లలోనే నిధీ నిండుతుంది, ప్రయాణమూ అవుతుంది. అప్పటికి ధరలు పెరిగితే జాంజిబార్‌లో రెండు రాత్రులు తగ్గించుకోండి.

అమ్మానాన్నలకు వేరే ఆరోగ్య పాలసీ ఇప్పుడే తీసుకోండి. ఉద్యోగం పోతే కంపెనీ బీమా కూడా పోతుంది. వ్యక్తిగత పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి వాయిదా వేయడానికి ఆ సాకు కూడా లేదు. నిధి నింపడం ఓ రెండు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

ప్రయాణ బీమా గురించి ఒక హెచ్చరిక. 2024 అక్టోబరు నుంచి జాంజిబార్ వెళ్లే విదేశీ పర్యాటకులు అక్కడి ప్రభుత్వ సంస్థ ఇచ్చే బీమా కొనాలి, పెద్దలకు 44 డాలర్లు. అది జాంజిబార్ కోసం పెట్టింది. దాన్ని చూసుకుని సాదానీకి వేరే పాలసీ అక్కర్లేదనుకోవద్దు. పార్కు నుంచి పెద్ద ఆసుపత్రికి దారెస్సలామ్ చేరాలంటే గంటల ప్రయాణం. విమానంలో తరలించే ఖర్చు ఉన్న పాలసీయే తీసుకోండి. నైరోబీ నుంచి పనిచేసే అమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ వారు పర్యాటకులకు ఇలాంటి సభ్యత్వం ఇస్తారు. పాలసీ ఉన్నా కొన్నిచోట్ల ముందు మీరు కట్టి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాల్సి రావచ్చు. అప్పుడూ ఆదుకునేది ఆ నిధే.

హోమ్ లోన్ టాపప్, పీఎఫ్ విత్‌డ్రాయల్ కూడా ఈ పనికి వద్దు. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు ముందే వసూలు చేసే పన్ను (టీసీఎస్) కడితే ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోండి.

యాప్‌లోని లోన్ ఆఫర్ ఈ రోజే తిరస్కరించండి. తర్వాత ఏజెంటుకు ఫోన్ చేసి అడ్వాన్సును మూడేళ్ల తర్వాత వచ్చే దసరా ప్యాకేజీకి మారుస్తాడేమో అడగండి. కుదరదంటే రద్దు చేయండి. లక్షా ముప్ఫై ఎనిమిది వేల వడ్డీ ముందు ఆ పాతిక వేలు పోతే పోనివ్వండి.