తిండి తగ్గించినా బరువు కదలడం లేదు, రాత్రి భోజనం కూడా మానేయాలా?

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు, ఎత్తు 157 సెంటీమీటర్లు. నాలుగున్నర నెలల కిందట 82 కిలోల బరువుండేదాన్ని. తిండి బాగా తగ్గించడంతో మొదటి నెలలో నాలుగు కిలోలు, తర్వాతి రెండు నెలల్లో మరో నాలుగు కిలోలు తగ్గాను. ఆరు వారాలుగా మాత్రం 74 దగ్గరే ఆగిపోయింది. నాది రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. మోకాళ్ల నొప్పుల వల్ల వ్యాయామం జోలికి వెళ్లలేదు. ఈ మధ్య జుట్టు బాగా రాలుతోంది. రెండంతస్తులు ఎక్కితే కాళ్లు పీకుతున్నాయి. రాత్రి భోజనం కూడా మానేస్తే మిగతా బరువు తగ్గుతుందా? వ్యాయామం లేకుండా డైటింగ్‌తోనే నెట్టుకురావచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: రాత్రి భోజనం మానేయకండి. మీకిప్పుడు కావలసింది తిండిని ఇంకా కోయడం కాదు. జుట్టు రాలడం, మెట్లెక్కితే కాళ్లు పీకడం చూస్తుంటే, ఇప్పటికే కోసింది కొంత ఎక్కువైందేమోనని నా అనుమానం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. వ్యాయామం లేకుండా బరువు తగ్గడం సాధ్యమే. మీరు తగ్గిన ఎనిమిది కిలోలు మీ మొదటి బరువులో దాదాపు పదో వంతు. రక్తపోటుకూ, షుగరుకూ, మీ మోకాళ్లకూ అది మేలు చేసే తగ్గుదలే. నిజానికి మొదటి నెలల్లో బరువు తగ్గేది ప్రధానంగా తిండి వల్లే. మీ బరువున్న మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 క్యాలరీలు. రెండు మూడు బిస్కెట్లతో అది తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి ఎంత తిన్నా నడిస్తే కరిగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. అలాంటప్పుడు వ్యాయామం దేనికంటే, బరువు తూచే యంత్రం ఎంత పోయిందో చెబుతుంది గానీ, ఏం పోయిందో చెప్పదు.

మొదటి నెలలో పోయిన నాలుగు కిలోలనే తీసుకోండి. కాలేయం, కండరాలు గ్లైకోజెన్ రూపంలో పిండి పదార్థాన్ని దాచుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌ను అంటిపెట్టుకుని సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వే. దానితోపాటు ఆ నీరూ వెళ్లిపోతుంది. అందుకే తొలి వారాల్లో ముల్లు వేగంగా దిగి మనల్ని మురిపిస్తుంది. కొవ్వు కరగడం అంత తొందరగా జరిగే పని కాదు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలు దాగి ఉంటాయి.

నీటి లెక్క తీరాక పోయేదంతా కొవ్వే అనుకోవడం కూడా పొరపాటే. వ్యాయామం లేకుండా కేవలం తిండి తగ్గించినవారిలో, పోయిన బరువులో సుమారు నాలుగో వంతు కండరం తదితర కొవ్వు కాని కణజాలం ఉంటుందని వైద్యంలో ఒక ఉజ్జాయింపు లెక్క. 2011లో అమెరికాలో 65 ఏళ్లు దాటిన స్థూలకాయులపై ఏడాదిపాటు జరిపిన అధ్యయనం ఒకటి ఈ విషయాన్ని తేటగా చూపింది. డైటింగ్ మాత్రమే చేసినవారు 10 శాతం, డైటింగ్‌తోపాటు వ్యాయామం కూడా చేసినవారు 9 శాతం బరువు తగ్గారు. యంత్రం మీద చూస్తే ఇద్దరూ ఒకటే. కానీ కండరంతో కూడిన కణజాలం మొదటివారిలో 5 శాతం పోతే, రెండోవారిలో 3 శాతమే పోయింది. తుంటి ఎముక సాంద్రత కూడా డైటింగ్ ఒక్కటే చేసినవారిలోనే ఎక్కువగా పడిపోయింది. మీ వయసు అంత లేకపోయినా, కండరం పోయే తీరు ఇదే.

బరువు తగ్గిన లెక్కలు రాసుకున్న కాగితాన్ని సంతోషంగా నా బల్ల మీద పెట్టి, వెళ్లేటప్పుడు మాత్రం కుర్చీ చేతుల మీద బలంగా ఆనుకుని లేచేవారిని తరచుగా చూస్తుంటాను. నాకు కాగితం కంటే ఆ లేవడమే ఎక్కువ చెబుతుంది. మీరూ ఒకసారి ఇంట్లో గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆగకుండా అయిదుసార్లు లేచి కూర్చోండి. పదిహేను సెకన్లు దాటినా, చేతుల సాయం లేకుండా లేవలేకపోయినా, తొడ కండరాలు బలహీనపడ్డాయన్నమాటే. మోకాలి మీద పడే భారాన్ని పంచుకోవలసినవి ఆ కండరాలే కాబట్టి, మోకాళ్ల నొప్పని వ్యాయామం మానేస్తే నొప్పికి బలం చేకూర్చినట్లవుతుంది.

ఇక ముల్లు ఎందుకు ఆగిందన్న సంగతి. 74 కిలోల శరీరం నడవడానికి 82 కిలోల శరీరమంత తిండి అక్కర్లేదు. పైగా తిండి తగ్గిందని గ్రహించిన శరీరం, ఖర్చును కూడా ఆ మేరకు మించి బిగిస్తుంది. మనకు తెలియకుండానే కదలికలు తగ్గుతాయి, ఊరికే లేచి తిరగడం తగ్గుతుంది. ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువై, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి. ఈ మార్పు ఏడాది తర్వాత కూడా పూర్తిగా సర్దుకోదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లోనే చూపారు. ఈ స్థితిలో రాత్రి భోజనం మానేస్తే కొన్నాళ్లు ముల్లు మళ్లీ కదలవచ్చు. కానీ కండరం ఇంకా కరుగుతుంది, ఆకలి ఇంకా పెరుగుతుంది. ఏదో ఒక రోజు అదుపు తప్పి తిన్నప్పుడు తిరిగి వచ్చేది ఎక్కువగా కొవ్వే. తిండి హఠాత్తుగా తగ్గించిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం కూడా మామూలుగా చూసేదే. తగినంత తినడం మొదలుపెడితే చాలామందిలో అది కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

మీరు రోజుకు ఎంత తింటున్నారో రాయలేదు. ఒక వారం పాటు తిన్నదీ తాగినదీ, నోట్లో వేసుకున్న చిరుతిండితో సహా, రాసి చూడండి. మూడు పూటలా తింటూ, ప్రతి పూటా పప్పులు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలు వంటివాటిలో మీకు నప్పిన మాంసకృత్తులు ఉండేలా చూసుకోండి. మూత్రపిండాల జబ్బు లేకపోతే మీకు రోజుకు 70 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందడం మంచిది. రోజుకు 800 క్యాలరీల కంటే తక్కువ తినే డైటింగ్ వైద్యుల పర్యవేక్షణలో తప్ప చేయకూడదు.

వ్యాయామం పైన చెప్పిన కుర్చీతోనే మొదలుపెట్టవచ్చు. అవసరమైతే కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచుకుని, ఎనిమిదిసార్లు లేచి కూర్చుని, కాస్త ఆగి మరోసారి చేయండి. గోడకు చేతులు ఆనించి తీసే దండీలు, పడుకుని ఒక్కో కాలినీ మోకాలు వంచకుండా ఎత్తడం దానికి కలపండి. ఇవి వారానికి రెండు మూడు రోజులు చాలు. మిగతా రోజుల్లో భోజనం తర్వాత పది నిమిషాల నడక, మోకాలు సహకరించకపోతే ఈతో, ఒకచోట నిలిపి తొక్కే సైకిలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలకు రెండు మూడు నెలల్లో నిదానంగా చేరుకోవచ్చు. వ్యాయామం చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా ఫరవాలేదు గానీ, మర్నాటికి మోకాలు వాచినా, నొప్పి పెరిగినా అంతవరకు చేసినదాన్ని సగానికి తగ్గించండి.

ఈలోగా మీ డాక్టరును కలిసి థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పేది), షుగర్ పరీక్షలు చేయించుకోండి. ఇప్పటికే షుగరుకో, బీపీకో మందులు వాడుతుంటే, బరువు తగ్గాక ఆ మోతాదులు ఎక్కువై షుగర్ పడిపోవడం, లేవగానే కళ్లు తిరగడం జరగవచ్చు కాబట్టి ఆ సంగతి తప్పక చెప్పండి. వేగంగా బరువు తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఉంది. కుడివైపు పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వస్తే ఆలస్యం చేయవద్దు. బరువు వారానికి ఒక్కసారే చూసుకోండి. దాని పక్కనే నడుము కొలతనూ, కుర్చీలోంచి అయిదుసార్లు లేవడానికి పట్టిన సెకన్లనూ రాసి పెట్టుకుని, ఆరు వారాల తర్వాత ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లండి.