మెనింజైటిస్ నిఘా పనిలో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నైజర్ రాజధాని నియామేలో వ్యాధి నిఘా బృందంలో డేటా పనికి కుదిరావని తెలిసి చాలా సంతోషించాను. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా 26 ఆఫ్రికా దేశాల మీదుగా పోయే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు జబ్బు) బెల్టు లెక్కల మధ్యే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. అందుకే నువ్వు అడక్కపోయినా ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్కడ కాలాన్ని వారాల్లో లెక్కపెట్టడం ముందు అలవాటు చేసుకో. డిసెంబరులో సహారా ఎడారి నుంచి వీచే హర్మటాన్ గాలి మొదలవుతుంది. గాలిలో తేమ ఉండదు, దుమ్ముకి గొంతు, ముక్కు లోపలి పొరలు దెబ్బతింటాయి. జూన్ నాటికి వానలు పడేదాకా కేసులు వస్తూనే ఉంటాయి. ఒక జిల్లాలో జబ్బు లేచి, ఉధృతమై, తగ్గిపోవడానికి కొన్ని వారాలు చాలు. కేసులు ఎపిడెమిక్ హద్దు (ఆ లెక్క కింద చెబుతాను) దాటిన నాలుగు వారాల్లోపు టీకాలు వేయడం పూర్తి కావాలని అందరూ పెట్టుకున్న గడువు. ఆ తర్వాత ఎంత కష్టపడి వేసినా, సోకాల్సినవాళ్ళకి అప్పటికే సోకిపోయి ఉంటుంది. మందు ఇచ్చినా పదిమందిలో ఒకరు పోతారు. బతికినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి వినికిడి పోవడమో, మూర్ఛలో, మరో లోపమో మిగిలిపోతుంది. కాబట్టి నీ చేతిలో ఏ కాగితం ఆగినా, ఎన్ని రోజులు ఆగిందో చూసుకో.

వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లాకి, అక్కడి నుంచి ప్రాంతీయ కార్యాలయానికి, తర్వాత ఆరోగ్య శాఖకి, చివరికి బుర్కినా ఫాసో రాజధాని ఔగడౌగూలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందానికి లెక్క చేరుతుంది. వాళ్ళు అన్ని దేశాల లెక్కలూ కలిపి సీజన్‌లో వారం వారం బులెటిన్ ఇస్తారు. ఈ దారిలో నువ్వు మొదట చూడాల్సింది రాని రిపోర్టులు. ఒక కేంద్రం సున్నా అని పంపిందంటే అక్కడ ఎవరో రిజిస్టరు తెరిచి చూశారు. గడి ఖాళీగా ఉందంటే అక్కడ ఏం జరుగుతోందో మనకి తెలియదు. ఖాళీ గడిలో సున్నా వేసేసే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. నీ పట్టికలో మాత్రం రానివ్వకు. రెండు వారాలు వరసగా పలకని కేంద్రానికి నువ్వే ఫోన్ చెయ్యి. నర్సు సెలవులో ఉందా, ఫోన్‌లో బ్యాలెన్స్ లేదా, లేక రోగులు కిక్కిరిసి రాసే తీరిక లేదా, ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది. ఆ మూడోదే అయితే ఆ రోజే పైవాళ్ళకి చెప్పాలి.

ఇక హద్దుల సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదువు. 30,000 నుంచి లక్ష దాకా జనాభా ఉన్న చోట, వారంలో లక్షకి 3 అనుమానిత కేసులు వస్తే అలర్ట్, 10 వస్తే ఎపిడెమిక్. 2014కి ముందు ఇవి 5, 15గా ఉండేవి. ఈ జబ్బు తెచ్చే క్రిమిలో ఎ, సి, డబ్ల్యూ వంటి రకాలున్నాయి; వాటిలో ఎ రకం పోయాక వ్యాప్తులు చిన్నవయ్యాయి కాబట్టి హద్దులూ కిందికి దించారు. 30,000 కన్నా తక్కువ జనాభా ఉంటే రేటు కట్టకు, కేసులే లెక్కపెట్టు: వారంలో 2 అయితే అలర్ట్, 5 అయితే ఎపిడెమిక్. లక్ష దాటిన జిల్లా అయితే తప్పనిసరిగా చిన్న ప్రాంతాలుగా విడగొట్టు.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. జిల్లా జనాభా 2,40,000 అనుకుందాం. ఈ వారం 12 కేసులు వచ్చాయి. లక్షకి 5. అలర్ట్ అని రాసి ఊరుకోవచ్చు. కానీ లైన్ లిస్ట్ (ఒక్కో రోగికి ఒక్కో వరస ఉండే పట్టిక) తెరిచి ఊళ్ళ పేర్లు చూస్తే, 12లో 10 ఒకే ఆరోగ్య కేంద్రం పరిధిలోవి, అక్కడి జనాభా 45,000. అంటే లక్షకి 22. ఆ ప్రాంతం ఎపిడెమిక్ హద్దుకి రెండింతలు దాటేసింది, జిల్లా సగటు మాత్రం పసుపు రంగులో ప్రశాంతంగా కనిపిస్తోంది. సగటు చూసి ఇంకో వారం ఆగుదామన్నవాళ్ళని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు, నువ్వూ ఒప్పుకోకు. లైన్ లిస్ట్‌లో ఊరి పేరు, వయసు, జబ్బు మొదలైన తేదీ లేకుండా వచ్చిన వరసని వెనక్కి పంపి పూర్తి చేయించు. ఆసుపత్రికి వచ్చిన తేదీని జబ్బు మొదలైన తేదీ గడిలో రాసేస్తుంటారు, అదీ గమనించు.

ఇదంతా జనాభా లెక్క సరిగ్గా ఉన్నప్పటి మాట. పాత జనగణనకి ఏటా ఇంత శాతమని కలుపుకుంటూ పోయిన అంకెల మీద ఆధారపడక తప్పదు. కానీ శరణార్థి శిబిరం వచ్చిన చోట, గని తవ్వకాలకి జనం చేరిన చోట, దాడులకి భయపడి ఊళ్ళు ఖాళీ అయిన చోట ఆ అంకెలు పనికిరావు. సీజన్ మొదలుకాకముందే జిల్లా వైద్యాధికారులతో కూర్చుని ఈ అంకెలు సరిచేసుకో.

అనుమానిత కేసు నిర్వచనం నీకు తెలిసే ఉంటుంది: ఉన్నట్టుండి జ్వరం, దానితో మెడ బిగుసుకోవడం లేదా స్పృహ తేడా వంటి లక్షణం, పసిపిల్లల్లో అయితే మాడు ఉబ్బడం. లెక్కకి ఇది చాలు. ఏ టీకా తెప్పించాలో మాత్రం ల్యాబే చెప్పాలి. 2002లో బుర్కినా ఫాసోలో డబ్ల్యూ రకంతో సుమారు 13,000 మంది జబ్బుపడ్డారు. అప్పట్లో బెల్టులో మామూలుగా వాడే టీకా ఎ, సి రకాలకే పనిచేసేది. 2006లో నైజర్‌లో ఎక్స్ రకం వచ్చినప్పుడు దానికి అసలు టీకానే లేదు. కేసులు ఎన్నో తెలిసి, రకం తెలియకపోతే సగం పనే అయినట్టు.

అందుకే రోగి వెన్నులోంచి సూదితో తీసే నీటి శాంపిల్ ప్రయాణం మీద ఒక కన్ను వేసి ఉంచు. నువ్వు డాక్టరువి కాకపోయినా ఒకసారి జిల్లా ఆసుపత్రిలో నిలబడి చూడు. మామూలుగా నీళ్ళలా తేటగా ఉండాల్సింది, బియ్యం కడిగిన నీళ్ళలా మసకగా ట్యూబులోకి బొట్టు బొట్టుగా దిగుతుంది. అందులో కొంత క్రిమిని ల్యాబ్ దాకా బతికించి ఉంచే ట్రాన్స్ ఐసోలేట్ సీసాలోకి ఎక్కించాలి, కొంత పీసీఆర్ పరీక్ష కోసం చిన్న ట్యూబులో ఉంచాలి. ఆ సీసాని ఎక్కించాక ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఈ క్రిమి చలికి చచ్చిపోతుంది. మంచి మనసుతోనే, శాంపిల్ పాడవకూడదని, టీకాల ఫ్రిజ్‌లో భద్రంగా దాచేస్తారు! చెప్పినవాళ్ళు లేక చేసే పని అది, కసురుకోకుండా చెప్పు. ఇంకొకటి: నీరు తీయడం వీలుకాకపోతే మందు ఆపకూడదు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ముందు, మన లెక్క తర్వాత. సీసా మీది నంబరు, లైన్ లిస్ట్‌లోని నంబరు, ల్యాబ్ రిజిస్టర్ నంబరు మూడూ ఒకటే ఉండేలా చూడటం నీ బాధ్యత. అవి కలవక కేసు ఒకచోట, ఫలితం ఇంకోచోట మిగిలిపోవడం మామూలే. ప్రతి వారం ల్యాబ్‌వాళ్ళతో ఫోన్లో ఒక్కో వరసా చదివి సరిచూసుకో.

మ్యాప్ గీసేటప్పుడు సరిహద్దు దగ్గర ఆపేయకు. 2013 నుంచి వాయవ్య నైజీరియాలో సి రకం కొత్త జాతి కనిపించింది, 2015లో నైజర్‌లో 8,500కి పైగా కేసులు వచ్చాయి, 2017లో తిరిగి నైజీరియాలో 14,000 దాటాయి. నైజీరియాలోని జమ్‌ఫరా, సొకోటో సంతలకి పోయే జనానికి నీ ఫారంలోని గడులతో పనిలేదు. అవతలి జిల్లా నిఘా అధికారి ఫోన్ నంబరు సంపాదించుకో. వాళ్ళ రిపోర్టులు ఇంగ్లీషులో, నీవి ఫ్రెంచిలో ఉంటాయి, ఫ్రెంచి మీద ఇప్పటి నుంచే కష్టపడు.

ఈ శ్రమ వృథా పోదని నమ్మకంగా చెప్పగలను. 1996, 97లలో ఈ బెల్టులో 2,50,000 మందికి జబ్బు చేసి 25,000 మంది పోయారు. ఆ దెబ్బతోనే అత్యవసర టీకాలు పంచే అంతర్జాతీయ సమన్వయ బృందం ఏర్పడింది, వారం వారం నిఘా బలపడింది. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో ఎ రకానికి మెన్‌ఆఫ్రివాక్ టీకా మొదలైంది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ దాన్ని డోసు అర డాలరు లోపే ఇచ్చింది. 2017 తర్వాత ఎ రకం కేసు ఒక్కటీ నిర్ధారణ కాలేదు. ఆ మాట గట్టిగా అనగలుగుతున్నామంటే మారుమూల కేంద్రాల నుంచి శాంపిళ్ళు వస్తూ ఉండబట్టే. ఎ, సి, డబ్ల్యూ, వై, ఎక్స్ అయిదింటికీ పనిచేసే కొత్త టీకాని 2024 ఏప్రిల్‌లో నైజీరియా మొదటగా వాడింది. దాని ఫలితం తేలాల్సింది కూడా నీలాంటివాళ్ళ పట్టికల్లోనే.

వానలు పడగానే కేసులు తగ్గుతాయి, అందరూ వేరే జబ్బుల మీదికి వెళ్ళిపోతారు. నువ్వు అప్పుడే సీసాల స్టాకు, వాటి గడువు తేదీలు, కొత్తగా వచ్చిన నర్సులకి శిక్షణ చూసుకో. నవంబరులో అడిగితే డిసెంబరుకి ఏదీ రాదు.

చేరాక మొదటి వారం పట్టిక నాకు పంపు. పేర్లు తీసేసి పంపు, ఆ జాగ్రత్త మాత్రం మరవకు. ఎన్ని కేంద్రాలు రిపోర్టు చేశాయో ఆ గడి ముందు చూస్తాను.

మీ పెదనాన్న