పెద్ద ఫ్యాక్టరీ వస్తే ఊరు బాగుపడుతుందా? హుజూర్‌నగర్ వైపు నుంచి ఒక జవాబు

పాలమూరు వైపు మీ ఊరి పక్కన ఒక పెద్ద పారిశ్రామికవేత్త ఇథనాల్ ఫ్యాక్టరీ పెడతారట, మధ్యవర్తులు ఇల్లిల్లూ తిరిగి భూములకు బేరం పెడుతున్నారు, అమ్మాలా వద్దా, ఊరు బాగుపడుతుందా అని అడిగారు. మాది హుజూర్‌నగర్ వైపు, కృష్ణ ఒడ్డున సున్నపురాయి ఉన్న ప్రాంతం. మేళ్లచెరువు, మఠంపల్లి, చింతలపాలెం, ఇటు వాడపల్లి దాకా సిమెంటు ఫ్యాక్టరీలే. వాటి మధ్యే పెరిగాను కాబట్టి కళ్లారా చూసింది చెప్తాను.

ఫ్యాక్టరీ వల్ల ఎవరికీ మేలు జరగదని నేను అనను. సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందిన పొలాల్లో వరి పండింది. అందని మెట్ట మీద బతుకు కష్టంగానే ఉండేది. ఫ్యాక్టరీలు వచ్చాక లారీలు కొన్నవాళ్లున్నారు, గదులు కట్టి అద్దెకిచ్చినవాళ్లున్నారు, రోడ్డు పక్కన హోటల్ పెట్టి పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించినవాళ్లున్నారు. కానీ లాభపడింది ఎవరు, పోగొట్టుకున్నది ఎవరు అని విడిగా లెక్క తీస్తే రెండు చోట్లా కనిపించే పేర్లు చాలా తక్కువ.

అందరూ దుమ్ము గురించే మాట్లాడతారు. అదీ నిజమే. కల్లంలో ఎండబోసిన మిర్చి మీద బూడిద రంగు పొర పేరుకుంటే ఖమ్మం మార్కెట్లో రేటు కోస్తారు. క్వారీలో బ్లాస్టింగ్ జరిగితే వంటింటి గోడకు వేసిన సిమెంటు అతుకు మళ్లీ పగులుతుంది. అయితే ఇవన్నీ తర్వాత వచ్చేవి. వీటికంటే చాలా ముందు, ఒక్క ఇటుక కూడా పేర్చకముందే, ఊరు చీలిపోతుంది. మీ ఊళ్లో ఇప్పుడు నడుస్తున్నది ఆ దశే.

మా దగ్గర భూములు కొన్న సిమెంటు కంపెనీ యజమానిని మా ఊళ్లో ఎవరూ నేరుగా చూడలేదు. ఫ్లెక్సీ మీద ఫొటో చూశాం, అంతే. ఇంటికి వచ్చింది పక్క ఊరి మధ్యవర్తి, మాకు దూరపు చుట్టం కూడా. అరుగు మీద కూర్చుని, "మామా, అందరు ఇచ్చిండ్రు, నువ్వొక్కనివి ఆపితే ఏమైతది?" అన్నాడు. "అందరు ఇచ్చినంక ఇంక నాతోని ఏం పని?" అన్నాడు మా నాయన. నిజానికి అప్పటికి అందరూ ఇవ్వలేదు. ప్రతి ఇంట్లో అదే మాట చెప్పి, ప్రతి ఇంటికీ ఒక్కో రేటు పెట్టి, పక్కింటివాళ్లకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. మా చిన్నాయన అమ్మాడు. ఆయనకు ఆడపిల్ల పెళ్లి ఖర్చు ఉంది, కొడుక్కి ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తామన్నారు.

అలా చుట్టుపక్కల పొలాలు పోయి మా చెలక (మెట్ట భూమి) మధ్యలో మిగిలింది. పత్తి ఏరడానికి పోయేసరికి బండ్లబాటకు అడ్డంగా జేసీబీతో కందకం తవ్వి ఉంది, అవతల ముళ్లకంచె. ఏరిన పత్తిని మూటలు కట్టి, నెత్తిన పెట్టుకుని చుట్టూ తిరిగి రోడ్డు మీదికి తేవాల్సి వచ్చింది. ఆ వారంలోనే మధ్యవర్తి మళ్లీ వచ్చి, చిన్నాయనకు ఇచ్చిన దానికంటే తక్కువ రేటు చెప్పాడు. దారి లేని భూమికి అంతే వస్తుందన్నాడు. ఊరి నక్షాలో, అంటే గ్రామ పటంలో, ఆ బాట స్పష్టంగా ఉంది. నాయన దాని నకలు తీసుకుని తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాడు, సర్వేయరు వచ్చి కొలిచాడు, చివరికి కందకం పూడ్చారు. ఈలోగా ఒక పంట కాలం పోయింది. చిన్నాయన కొడుక్కి ఉద్యోగం ఆలస్యమైంది. నాయన ఫిర్యాదు చేయడం వల్లే ఆగిందని వాళ్ల అనుమానం. ఆ పెళ్లికి మాకు పిలుపు రాలేదు. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు. హైదరాబాద్‌లో కూర్చుని ఎకరాల లెక్క వేసుకున్న పెద్దమనిషికి ఈ సంగతి తెలిసి ఉండదు, తెలియాల్సిన అవసరమూ ఆయనకు లేదు. నాకు ఇప్పటికీ కడుపు మండేది అక్కడే.

ఇక చట్టం సంగతి. చాలామంది 2013 భూసేకరణ చట్టం ఉంది కదా, 80 శాతం మంది ఒప్పుకోవాలి కదా అనుకుంటారు. ఆ నిబంధన ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం భూమి సేకరించినప్పుడు వర్తిస్తుంది. మధ్యవర్తులు నేరుగా కొని రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఊరి అంగీకారం అనే ప్రశ్నే రాదు. సిమెంటు లాంటి పెద్ద ప్రాజెక్టులకు 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది, 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. మా దగ్గర ఆ సభ జరిగేనాటికి సగానికి పైగా భూమి చేతులు మారింది. అమ్మినవాళ్లు ఉద్యోగాల కోసం ఒక వైపు, మిగిలినవాళ్లు ఇంకో వైపు, మధ్యలో పోలీసులు.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. పెట్రోల్లో కలపడానికి మాత్రమే ఇథనాల్ తీసే, వ్యర్థజలాలు బయటికి వదిలేది లేదని చెప్పే ధాన్యం ఆధారిత ఫ్యాక్టరీలను 2021లో కేంద్రం వేరే కేటగిరీలో పెట్టింది. ఆ కేటగిరీకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. కాబట్టి సభ పెడతారు, అప్పుడు అడుగుదాం అని ఆగకండి. ఆ సభ అసలు జరగకపోవచ్చు. మీకు దగ్గర్లోనే నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వల్ల వాగు నీళ్లు పాడవుతున్నాయని జనం రోడ్డెక్కితే 2023 అక్టోబరులో పోలీసులతో ఘర్షణ దాకా పోయింది. గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో ఇలాంటి ఫ్యాక్టరీ మీదే గొడవ జరిగి రైతులు జైలు పాలయ్యారు. అడగాల్సినవి ముందే అడిగే చోటు లేకపోతే చివరికి జరిగేది అదే.

అందుకని నా సలహా ఒక్కటే: ఒంటరిగా బేరం ఆడకండి. ఎవరికి ఎంత రేటు చెప్పారో ముందు ఊరంతా బయటపెట్టుకోండి. ఆ ఒక్క పని చేస్తే మధ్యవర్తి బలం సగం పోతుంది. అప్పటి మా నల్లగొండ జిల్లా (ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా) పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు భూమిలేని దళితులు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడగడం, ఇస్తాననడం రెండూ జనం ఎదుటే జరిగాయి. మీ కంపెనీ వాళ్లను కూడా గ్రామసభకే రమ్మనండి. నీళ్లు ఎక్కడి నుంచి తీసుకుంటారు, వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద బోర్లకు అనుమతి ఉందా, మిగిలిన మడ్డి ఎక్కడికి పోతుంది, ఏ బాటలు మూస్తారు, ఇవన్నీ అక్కడే చెప్పించి తీర్మానం పుస్తకంలో రాయించండి. నక్షా నకలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఉద్యోగం మాట వస్తే పర్మనెంటా, కాంట్రాక్టరు కిందా అని గట్టిగా అడగండి. మా చిన్నాయన కొడుక్కి చివరికి దొరికింది ప్యాకింగ్ ప్లాంటులో కాంట్రాక్టు పని. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ వాడు మళ్లీ కొత్తవాడే.

బడికి బెంచీలు, గుడికి రంగులు వేయించి దానం చేశామంటే మురిసిపోకండి. నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టమే చెప్తోంది. ఆ డబ్బు ఎక్కడ పెట్టారో ప్రతి ఏటా అడగొచ్చు.

చివరగా కూలీల మాట. భూమి అమ్మినవాళ్లకు కనీసం డబ్బు వచ్చింది. ఆ చెలకల్లో కలుపు తీసి, పత్తి ఏరి బతికిన ఆడవాళ్లకు, కౌలుకు చేసినవాళ్లకు మా ఊళ్లో రూపాయి రాలేదు. వాళ్లు ఇప్పుడు తెల్లవారకముందే ఆటోల్లో కిక్కిరిసి కాలువ కింది ఊళ్లకు నాట్లకు పోతున్నారు. మీరు రాయించే తీర్మానంలో వాళ్ల పేర్లు, ఇంటి నంబర్లతో సహా ఉండేలా చూడండి. పట్టాదారు పాసుపుస్తకం లేదు కాబట్టి వాళ్ల పేరు ఇంకే కాగితంలోనూ రాదు.