మెడికల్ బోర్డు ఇంటికి పంపిన అబ్బాయి గది దాటి రావడం లేదు

ప్రశ్న: మాది అనంతపురం వైపు. బెంగళూరు మారతహళ్లిలో టిఫిన్ సెంటర్ నడుపుకుంటున్నాం. మా అబ్బాయికి 20 ఏళ్లు. అగ్నివీరుడిగా ఎంపికై శిక్షణకు వెళితే, అక్కడ రెండుసార్లు ఫిట్స్ వచ్చాయని మెడికల్ బోర్డు పెట్టి పంపించేశారు. వచ్చి రెండు నెలలైంది. లెవెటిరాసిటామ్ మాత్రలు వాడుతున్నాడు, మళ్లీ ఫిట్స్ రాలేదు. కానీ గది దాటి రాడు. చిన్న మాటకే మండిపడతాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి బూట్లు పాలిష్ చేసి, మంచం కిందకు నెట్టి మళ్లీ పడుకుంటాడు. మెడికల్ పాసైన వాడికి జబ్బేమిటి, మందులెందుకు అని మావారు గొడవ. ఊళ్లో మాత్రం సెలవు మీద వచ్చాడని చెప్పాం. ఏం చేయాలి?

సలహా: అమ్మా, ముందు ఆ కోపం సంగతి చూద్దాం. అదంతా ఉద్యోగం పోయిన బాధే అనుకోకండి. లెవెటిరాసిటామ్ మంచి మందే, కానీ కొందరిలో చిరాకు, కోపం, దిగులు పెంచుతుంది. మాత్రలు మొదలుపెట్టాకే ఈ మార్పు వచ్చిందా, అంతకుముందే ఉందా అన్నది గుర్తు చేసుకుని న్యూరాలజిస్టుకు చెప్పండి. అవసరమైతే మందు మారుస్తారు. మీ అంతట మీరు ఆపవద్దు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఇంకా తీవ్రంగా తిరిగి రావచ్చు.

మీవారి అనుమానం సహజమే. అయితే ఒక్కసారి కూడా ఫిట్స్ రాని మనిషిలో ఆ లక్షణాన్ని భర్తీ సమయంలో చేసే దేహపరీక్ష పట్టలేదు. మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష మామూలుగా ఉన్నా జబ్బు లేదని కాదు. లోపల దాగి ఉన్నది నిద్రలేమితోనో, అలసటతోనో బయటపడుతుంది. మన దేశంలో మెదడులో చేరే బద్దెపురుగు తిత్తులూ ఒక ముఖ్య కారణం. ఎమ్మారై తీయించకపోతే తీయించండి. బెంగళూరులోని నిమ్హాన్స్ పేరు వింటే మానసిక ఆసుపత్రేనని మనవాళ్లు ఇప్పటికీ జంకుతారు. అక్కడ న్యూరాలజీ విభాగం కూడా ఉంది, ఫిట్స్ చూసేది వాళ్లే.

సరైన మందులు వాడితే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ ఆగిపోతాయి. రెండేళ్లకు పైగా రాకపోతే, మందులు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు ఆలోచిస్తారు. అప్పటిదాకా నిద్ర ముఖ్యం. ఇంట్లో ఉన్నాడు కదా అని తెల్లవారుజామున పిండి రుబ్బడానికో, నూనె మూకుడు దగ్గరికో పిలవకండి. కౌంటర్‌లో కూర్చోబెట్టవచ్చు. డాక్టరు సరేననే వరకు బైకు వద్దు, ఒంటరిగా ఈత వద్దు. ఎప్పుడైనా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఇంకెక్కడా చూడకూడదని నా కోరిక. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఆ బూట్లు మాత్రం దాచేయకండి. పరుగు మానమని ఎవరూ చెప్పలేదు. బాగా నిద్రపోయి లేచాక, ఎవరైనా తోడుగా ఉంటే నిరభ్యంతరంగా పరిగెత్తవచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ‘సెలవు’ మాట. వాడు గది దాటకపోవడానికి సగం కారణం అదేనేమో. బయటికి వస్తే ఎవరో ఒకరు ‘మళ్లీ ఎప్పుడు వెళుతున్నావు’ అంటారు, వాడు మీ అబద్ధాన్ని మోయాలి. ఊరికి ఏం చెప్పాలో వాడినే అడగండి. ‘ఫిట్స్ వచ్చాయి, పంపించారు, మందులు వాడుతున్నాడు’ అని వాడు సరేనంటే మీరే ముందు చెప్పండి. పెళ్లి బెంగ కూడా ఉంటుందని తెలుసు. హిందూ వివాహ చట్టంలోని అభ్యంతరాల నుంచి మూర్ఛను 1999లోనే తీసేశారు. మనుషులే ఇంకా తీసేయలేదు.

బోర్డు కాగితాలన్నీ భద్రంగా ఉంచండి. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని రాశారా, లేదని రాశారా చూడండి. పరిహారం దాని మీదే ఆధారపడుతుంది. మూర్ఛతోనే సర్వీసు నుంచి పంపించిన ధరంవీర్ సింగ్ అనే సైనికుడికి వైకల్య పింఛను ఇవ్వాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన అగ్నివీరుల పథకం రాకముందు పాత పద్ధతిలో చేరినవారు, నిబంధనలు వేరు. సైనిక వ్యవహారాలు తెలిసిన న్యాయవాదికి చూపించండి. అప్పీలుకు గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి.

చావు మాట ఎత్తినా, తిండి మానేసినా, తన వస్తువులు ఎవరికో ఇచ్చేస్తున్నా అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి మీవారినీ వెంట తీసుకువెళ్లండి. మందులెందుకన్నది ఆయనే స్వయంగా అడగాలి.