పేటెంట్ల వల్ల మామూలు జనానికి ఏం ఒరిగింది?

“పేటెంట్లు, కాపీరైట్లు నిజంగా కొత్తవి కనిపెట్టేవాళ్లని ప్రోత్సహిస్తాయా, లేక పెద్ద కంపెనీలకు కాపలా కాయడానికేనా? మామూలు జనానికి ఒరిగిందేమిటి?” అన్నది ప్రశ్న.

కాపీరైట్ మీద నా కోపం వేరు, దాని సంగతి తర్వాత. పేటెంట్ల గురించి మాత్రం గట్టిగానే చెప్పగలను. ఒక పేటెంట్ నన్ను ఒకే వారంలో ముంచింది, తేల్చింది.

సీసాల్లో ద్రవాలు నింపే యంత్రాలతో నా పని. వాటి దగ్గర ఒక పాత బెడద ఉంది. ద్రవం పోసే గొట్టం మూతి, అంటే నాజిల్, మూసుకున్నాక కూడా చివర్న ఒక చుక్క వేలాడుతూ ఉంటుంది. సీసా కదిలే వేళకి సరిగ్గా ఆ సీసా మూతి మీద పడుతుంది. ఇక మూత బిగుసుకోదు, లేబుల్ అంటుకోదు. ఒక్క చుక్కే కదా అనేవాళ్లు ఆ యంత్రం పక్కన ఒక్క షిఫ్ట్ కూడా నిలబడి ఉండరు.

ఎనిమిది నెలలు, పని అయ్యాక సాయంత్రాలు కూర్చుని, ఆ చుక్కని వెనక్కి పీల్చే బుల్లి పిస్టన్ ఒకటి తయారుచేశాను. పల్చటి ద్రవాలకు భేషుగ్గా పనిచేసింది. చిక్కటి వాటికి మాత్రం పీల్చేటప్పుడు గాలి బుడగ కూడా లోపలికి పోయి, తర్వాతి సీసా వెలితిగా నిండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తర్వాత చూసుకోవచ్చులే అనుకుని, గీసిన బొమ్మలన్నీ ఫైల్లో పెట్టుకుని పేటెంట్ దరఖాస్తులు రాసిపెట్టే ఒక ఏజెంట్ దగ్గరికి వెళ్లాను.

ఆయన రెండు రోజులు వెతికి పిలిచాడు. ఏమీ అనకుండా లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. 30 ఏళ్ల కిందటి దరఖాస్తు. మూడో బొమ్మలో నా నాజిల్! అదే పిస్టన్, స్ప్రింగ్ కూడా అదే వైపు. నా చేతిరాత ఒక్కటే తక్కువ.

“ఇది గడువు తీరిపోయిన పేటెంట్. దీని మీద మీకు పేటెంట్ రాదు. కానీ మీరు వాడుకుంటే అడిగేవాళ్లూ లేరు” అన్నాడు. మొదటి ముక్కే నా చెవిన పడింది. రెండో ముక్క అర్థం కావడానికి ఆ రాత్రి పట్టింది.

నిద్రపట్టక దాన్ని మొత్తం చదివాను. నేను దాచిపెట్టిన గాలి బుడగ గురించి ఆ మనిషి ఒక పేరా నిండా రాశాడు! నాజిల్ మూతి లోపలి అంచుని నిటారుగా కాకుండా ఏటవాలుగా కోయాలట, పిస్టన్‌ని ఒక్క ఊపున కాక నెమ్మదిగా వెనక్కి లాగాలట. కోణం ఎంతో కూడా ఇచ్చాడు. అలాగే కోసి చూశాను. బుడగ పోయింది. మొదటి రోజే అది చదివి ఉంటే నా ఎనిమిది నెలలు మిగిలేవి.

ఊరికే రాయమంటే ఆయన ఆ పేరా రాసేవాడా? నేనైతే రాసేవాణ్ని కాదు. మా దగ్గర ఒక పాత ఫిట్టర్ ఉండేవాడు. యంత్రం సెట్ చేసేటప్పుడు మనకి కనబడకుండా వీపు తిప్పి నిలబడేవాడు. ఆయన రిటైరైన మర్నాడు యంత్రం మొరాయిస్తే తలలు పట్టుకున్నాం. ఆయన్ని తప్పుపట్టను. ఆ విద్యే ఆయనకున్న బలం, చెప్పేస్తే చేతికొచ్చేదేమీ లేదు మరి.

ఇంగ్లండులో చాంబర్లెన్ అనే కుటుంబం కథ ఇంకా ఘోరం. కాన్పు కష్టమైతే బిడ్డని బయటికి తీసే ఫోర్సెప్స్‌ని 17వ శతాబ్దంలో వాళ్లు తయారుచేసుకుని, వందేళ్లకు పైగా తరతరాలుగా ఇంటి రహస్యంగా ఉంచుకున్నారు. అవతల ఎందరు తల్లులు పోయారో ఎవరు లెక్కపెట్టారు? ఆ పనిముట్లు 1813లో వాళ్ల పాత ఇంట్లో నేల చెక్కల కింద దొరికాయి.

పేటెంట్ అనేది ఈ రహస్యాన్ని బయటికి రప్పించే బేరం. కొన్నేళ్లు నీదే, బదులుగా అంతా రాసిపెట్టు. 1474లో వెనిస్ నగరం చట్టం చేసినప్పుడు ఆ కొన్నేళ్లు 10. ఇప్పుడు దాదాపు అన్ని దేశాల్లో దరఖాస్తు వేసిన రోజు నుంచి 20. మామూలుగా 18 నెలలకే దరఖాస్తు అందరికీ కనబడేలా అచ్చవుతుంది. ఆ పని తెలిసినవాడు చదివి చేసుకోగలిగేంత వివరంగా లేకపోతే పేటెంటే చెల్లదు. ప్రశ్న అడిగిన వాళ్లకి ఎవరూ చెప్పని భాగం ఇదే. ప్లాస్టిక్ తీగని కరిగించి పొరలు పొరలుగా పేర్చే 3డీ ప్రింటర్ తీసుకోండి. దాని అసలు పేటెంట్ 2009లో తీరిపోయింది. ఆ తర్వాతే చవక ప్రింటర్లు బల్లల మీదికి వచ్చాయి.

కంపెనీలకు కాపలా అన్న మాటలోనూ నిజం ఉంది, కాదనను. జేమ్స్ వాట్ 1769లో తీసుకున్న ఆవిరి యంత్రం పేటెంట్‌ని బ్రిటిష్ పార్లమెంటు 1800 దాకా సాగదీసింది. అది బేరం కాదు, దోపిడీ. కాపీరైట్ మీద నా కోపమూ ఇదే. 1710లో బ్రిటన్ చట్టం కొత్త పుస్తకానికి 14 ఏళ్లిచ్చింది, రచయిత బతికుంటే మరో 14. ఇప్పుడు కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు! పోయినవాణ్ని ఇంకో పుస్తకం రాయమని ప్రోత్సహిస్తున్నారా?

ఇంకో బాధ కూడా వెళ్లగక్కనివ్వండి. నాతో పనిచేసే ఇంజనీర్లలో పేటెంట్లు తెరిచి చూసేవాళ్లు నలుగురు లేరు. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, అయినా చూడరు. పోనీ వాళ్లనేమని అంటాం, ఆ భాష అలా ఏడుస్తుంది మరి. ఆ పాత నాజిల్‌కి నేను చేసిన చిన్న మార్పు ఒకటుంది. పానా లేకుండా చేత్తో విప్పి కడుక్కోవచ్చు. దాని మీద దరఖాస్తు వేద్దామంటే ఏజెంట్ రాసి పంపాడు. “ద్రవ ప్రవాహ నియంత్రణ సాధనము, అందు మొదటి అంగము రెండవ అంగముతో విడదీయదగిన రీతిలో...” అని మొదలై పేజీలకు పేజీలు. రెండుసార్లు చదివి ఫోన్ చేశాను.

“ఇది నాదేనా?” అని అడిగాను.

“మీదేనండీ. రెండో బొమ్మ చూడండి” అన్నాడు.