పానా పట్టే ముందు లైవ్ డేటా చూడండి

"పొల్యూషన్ టెస్ట్‌లో కారు ఫెయిలైంది. ఆక్సిజన్ సెన్సర్ పోయి ఉంటుందంటున్నారు. ఇంటి దగ్గర నేనే మార్చుకోవచ్చా?" అని అడిగారు. నిక్షేపంగా మార్చుకోవచ్చు. 22 ఎంఎం పానా తిరిగేంత చోటు ఉంటే చాలు, అదేమీ బ్రహ్మవిద్య కాదు. కానీ పోయింది ఆక్సిజన్ సెన్సరేనని ఎలా తేల్చారు? నేను రాయాలనుకున్నదంతా దాని గురించే.

నా కారు ఫెయిలైనప్పుడు రిపోర్టులో కార్బన్ మోనాక్సైడ్ 3.8 శాతం అని వచ్చింది. పెట్రోలు పూర్తిగా కాలకుండానే బయటికి వస్తోందన్నమాట. చెక్ ఇంజిన్ లైట్ మాత్రం వెలగలేదు. అప్పటికి రెండు నెలలుగా కారు పెట్రోలు ఎక్కువ తాగుతోంది, ఆగినప్పుడు వెనక నుంచి పచ్చి పెట్రోలు వాసన వస్తోంది, ఐడిల్, అంటే కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, నిమిషానికి 1,100 చుట్ల కంటే దిగడం లేదు. పాత కారు కదా అని ఊరుకున్నాను. తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే "ఆక్సిజన్ సెన్సర్ అండీ, మార్చేయండి" అన్నాడు. ఇంకో ఇద్దరిని అడిగాను, వాళ్లూ అదే మాట. ముగ్గురు చెప్పారంటే నిజమే అయి ఉంటుందని కొత్త సెన్సర్ కొన్నాను.

ఆ సెన్సర్ ఇంజిన్ నుంచి వచ్చే పొగ గొట్టానికి బిగించి ఉంటుంది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెబుతుంది. ఏళ్ల తరబడి ఆ వేడికి మరలు పట్టేస్తాయి. రెండు సాయంత్రాలు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నానబెట్టాను. మామూలు పానా జారిపోయి అంచులు అరగడం మొదలైంది. ఆపేసి, వైరు దూరడానికి పక్కన చీలిక ఉండే సాకెట్ తెచ్చాను. ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి గొట్టాన్ని కాస్త వేడెక్కనిచ్చి, మందపాటి గ్లవ్స్ వేసుకుని, పొడుగు హ్యాండిల్‌తో బలమంతా పెట్టి తిప్పితే టక్కుమని వదిలింది. ఆ శబ్దానికి మర విరిగిందేమోనని గుండె జారింది. విరగలేదు. కొత్తది చేత్తో నాలుగు చుట్లు తిప్పి, తర్వాత పానాతో బిగించాను. చాలా సెన్సర్లకు మర మీద పేస్టు ముందే రాసి వస్తుంది. మళ్లీ మీరు పూయకండి. మొన మీద కొంచెం అంటినా కొత్త సెన్సర్ పాడవుతుంది.

మళ్లీ టెస్టుకు వెళితే 3.7 శాతం వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మా బావ ఓబీడీ రీడర్ తెచ్చాడు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లనూ, సెన్సర్లు అప్పటికప్పుడు చెప్పే అంకెలనూ (లైవ్ డేటా) చదివే పరికరం అది. "లైటే వెలగలేదు కదా బావా, కోడ్ ఏం దొరుకుతుంది?" అన్నాను. "కోడ్ కోసం కాదురా, లైవ్ డేటా చూద్దాం పద" అన్నాడు. అరగంట కారు తిప్పి, ఇంజిన్ ఆపకుండా ఇంటి ముందు నిలబెట్టి, స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకు రీడర్ పెట్టి ఫోన్‌లో చూశాం. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత 22 డిగ్రీలు అని ఉంది. డాష్‌బోర్డు మీద ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. బానెట్ ఎత్తి రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి పెడితే చుర్రుమంది. స్క్రీన్ మీద మాత్రం అదే 22. ఇంకాసేపు చూశాం, కదల్లేదు. కిందే ఇంకో లైన్ ఉంది, ఫ్యూయల్ సిస్టమ్: ఓపెన్ లూప్.

అక్కడ మొత్తం అర్థమైంది. కూలెంట్ వేడి చెప్పడానికి నా కారులో ముల్లుకు ఒక సెన్సర్, ఇంజిన్ కంప్యూటర్‌కు వేరే సెన్సర్. ముల్లుది బాగుంది, కంప్యూటర్‌ది చెడింది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని నమ్మి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంది, చలికాలం పొద్దున చోక్ లాగినట్టు. ఓపెన్ లూప్‌లో ఉన్నంతసేపూ ఆక్సిజన్ సెన్సర్ మాట కంప్యూటర్ వినదు. నేను రెండు సాయంత్రాలు కుస్తీ పట్టి కొత్తది పెట్టినా, పాతది ఉంచినా ఒకటే.

మరి లైట్ ఎందుకు వెలగలేదు? అలాంటి పాత కార్లలో సెన్సర్ వైరు తెగితేనో, షార్టయితేనో మాత్రమే కంప్యూటర్ పసిగడుతుంది. 22 డిగ్రీలంటే జరగగల అంకే కదా, అందుకని నమ్మేసింది. పూర్తిగా చచ్చిన సెన్సర్ లైట్ వెలిగించి తన సంగతి తానే చెబుతుంది. అబద్ధం చెప్పే సెన్సర్‌ను మనమే పట్టుకోవాలి. అందుకే కొనే ముందు చూడండి, కొన్నాక కాదు.

నిర్ధారణకు బావ రెండు పనులు చేశాడు. ఆ కూలెంట్ సెన్సర్ వైరు ప్లగ్ ఊడదీస్తే స్క్రీన్ మీద మైనస్ 40కి పడిపోయింది, అంటే వైరు షార్టవలేదు. తర్వాత మల్టీమీటర్‌తో సెన్సర్ కాళ్ల మధ్య కొలిస్తే 2,300 ఓమ్‌లు. ఈ రకం సెన్సర్‌కు వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గాలి. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దాటాక మూడు నాలుగు వందలు ఉంటుంది. వేడెక్కిన ఇంజిన్ మీద 2,300 అంటే ఇక అనుమానం లేదు. తెల్లవారుజామున కొలిచి ఉంటే సరిగ్గానే కనిపించేది, గమనించండి. వేడి మీద కూడా చూడాల్సిందే.

కూలెంట్ సెన్సర్‌ను మార్చడం ఇరవై నిమిషాల పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి, ఇందులో తొందర పనికిరాదు. కొత్తది చేతిలో పట్టుకుని పాతది విప్పి వెంటనే పెట్టేస్తే కూలెంట్ కొద్దిగానే కారుతుంది. కారింది తుడిచేయండి, అది తియ్యగా ఉండే విషం, పిల్లులూ కుక్కలూ నాకుతాయి. తగ్గినంత పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడపండి. నాది స్టార్ట్ చేశాక ఉష్ణోగ్రత ఎక్కుతూ వచ్చింది, ఒక చోట స్క్రీన్ మీద క్లోజ్డ్ లూప్ అని మారింది, అంటే కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ మాట వినడం మొదలుపెట్టింది, ఐడిల్ 750కి దిగింది. ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజ్ 0.1కీ 0.9కీ మధ్య ఊగడం మొదలైంది. అలా ఊగడమే దాని ఆరోగ్యం. గాలి 14.7 పాళ్లు, పెట్రోలు ఒక పాలు అనే లెక్క చుట్టూ కంప్యూటర్ అటూ ఇటూ సర్దుకుంటూ ఉంటే ఇది అలా కొట్టుకుంటుంది. మీ కారులో బాగా వేడెక్కాక, క్లోజ్డ్ లూప్‌లో కూడా అది ఒకేచోట గీత గీసినట్టు ఉంటే లేదా బద్ధకంగా కదులుతుంటే అప్పుడు దాన్ని అనుమానించండి. మూడోసారి టెస్టులో నాకు 0.2 శాతం వచ్చింది.

ఇంకో విషయం కూడా చెప్పాలి, చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. టెస్టుకు ముందు బ్యాటరీ వైరు పీకి కోడ్‌లు చెరిపేసుకోమని సలహాలిచ్చేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే కంప్యూటర్ తనను తాను పరీక్షించుకుని దాచుకున్న ఫలితాలూ పోతాయి. ఓబీడీ చూసే టెస్టులో అవి లేకపోతే 'సిద్ధంగా లేదు' అని వెనక్కి పంపిస్తారు. అవి మళ్లీ నిండాలంటే కొన్ని రోజులు రకరకాల వేగాల్లో నడపాలి. పైగా జబ్బు అలాగే ఉంటుంది. రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువై నడిచే కారు ఎక్కువ కాలం అలాగే తిరిగితే పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ కూడా పోతుంది, దాంతో పోలిస్తే సెన్సర్ ఖర్చు ఏపాటిది? ఇంజిన్ దగ్గర మామూలు సిలికాన్ సీలెంట్ పూసే అలవాటూ మానుకోవాలి. ఆ ఆవిరి ఆక్సిజన్ సెన్సర్ మొన మీద తెల్లటి పొరగా పేరుకుని దాన్ని చంపేస్తుంది.

అంతెందుకు, నేను విప్పి పక్కన పడేసిన పాత ఆక్సిజన్ సెన్సర్‌ను తర్వాత తిరిగి బిగించి చూశాను. చక్కగా ఊగింది. ఇప్పటికీ అదే నడుస్తోంది, కొత్తది డబ్బాలో ఉంది.

మీ కారు అరగంట నడిచాక కూలెంట్ ఎంత చూపిస్తోంది, ఓపెన్ లూపా క్లోజ్డ్ లూపా, రిపోర్టులో కార్బన్ మోనాక్సైడ్ ఎంత, ఈ మూడూ ఇక్కడ రాయండి. అవి చూశాక ఏ సెన్సర్ మార్చాలో మాట్లాడుకుందాం.