చెరువు మీదికి వెళ్లే ముందు

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు మళ్లీ రొయ్యల చెరువు మీదికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. పొట్ట మీద మలం సంచితో ఇంట్లో మూల కూర్చుంటావేమోనని నేను బెంగ పెట్టుకుంటే, నువ్వేమో భీమవరం అవతల గట్టు మీద పాకలో ఉంటానంటున్నావు. గర్వంగానే ఉందిరా. కానీ అర్ధరాత్రి ఆసుపత్రికని ఆ పాకలోంచి రోడ్డెక్కడం తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చెయ్యి. కొత్త సంచులు ఎండలో బండి డిక్కీలో పెట్టకు, జిగురు పాడవుతుంది. సంచిని ఒంటికి అతికించే ప్లేటు కన్నం, స్టోమా (పొట్ట మీదికి తీసిన పేగు మూతి) కంటే 2, 3 మిల్లీమీటర్లే పెద్దగా కత్తిరించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరు. నీది ఎడమ పక్క, పెద్దపేగు చివరి భాగంలో పెట్టిన స్టోమా. మామూలుగా మలం గట్టిగానే వస్తుంది. ఎప్పుడైనా మూడు నాలుగు రోజులు ఏమీ రాక, ఉన్నట్టుండి నీళ్లలా కారిందనుకో. విరేచనాలు పట్టుకున్నాయని మందుల షాపుకెళ్లి లోపరమైడ్ బిళ్ల మింగేస్తారు. బోల్తా పడేది అక్కడే. లోపల గట్టి మలం అడ్డం పడి ఉంటుంది. దాని వెనకున్న పల్చటిది పక్కల నుంచి దారి చేసుకుని కారుతుంది. బిళ్ల పడితే పేగు కదలిక మందగించి ఆ అడ్డు ఇంకా బిగుస్తుంది. అందుకని నీళ్లలా వచ్చినప్పుడు ముందు చూసుకోవలసింది, గట్టిది ఆఖరిసారి ఎప్పుడొచ్చిందని. రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రేలో మిగిలిన మేత రాసుకునే పుస్తకంలోనే ఓ పక్కన ఇదీ రాసుకో. రొయ్యల కడుపు మీద ఉన్న శ్రద్ధ నీ కడుపు మీదా ఉండాలి కదరా! ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు కూడా బిగించేస్తాయి. ఐరన్‌కి మలం నల్లబడుతుంది కూడా.

గట్టిది రోజూ వస్తూనే ఉండి పల్చబడితే అప్పుడది విరేచనమే. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు మంచినీళ్లలో కలుపు. సగం ప్యాకెట్టు గ్లాసులో పోసుకుని తాగేయకు.

గాలీ రాక, మలమూ రాక, పొట్ట బిగిసి మెలిపెడుతూ వాంతులయితే మాత్రం ఏమీ తినకు. జులాబు వేసుకోకు, ఎనీమా జోలికి పోకు. తెల్లవారనీ అనకుండా ఆసుపత్రికి వెళ్లు. ఎర్రగా తడిగా ఉండే స్టోమా ఊదాగానో నల్లగానో మారినా అంతే.

వెనక నుంచి జిగురు వస్తే కంగారు పడకు. నీకు లోపల మిగిల్చిన పేగు ముక్క జిగురు ఊరుస్తూనే ఉంటుంది, దొడ్లో కూర్చుంటే దిగిపోతుంది. రక్తమో చీమో కనిపిస్తే చూపించుకో.

మేత బస్తా 25 కేజీలు. సర్జన్ సరే అనేదాకా ముట్టుకున్నావంటే ఊరుకోను. స్టోమా పక్కన కండ బలహీనపడి పేగు తోసుకొచ్చే హెర్నియా ఉబ్బుకొస్తే సంచి అతకదు, పేగూ అందులో ఇరుక్కోవచ్చు.

సంక్రాంతికి మీ అమ్మ తేగలు పంపుతుంది. పీచు లాగేసి, ఒకటంటే ఒకటి, మెత్తగా నమిలి తిను. ముందు ఆ దగ్గర్లో రాత్రిపూట డాక్టరుండే ఆసుపత్రి ఏదో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త